సివిక్సా? అది సీఈసీ వాళ్ళకి కదా!

మొన్న ఆదివారం పొద్దున్నే అమెరికా నుంచి ఫోను. ఇంజనీరింగులో నా రూమ్మేటు. వాడు అక్కడికి వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. గ్రీన్‌కార్డు ఎప్పుడో వచ్చింది, ఇప్పుడు సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాడు. ఎత్తగానే, "ఒరేయ్, టెన్తులో ఏ సబ్జెక్టునైతే గాలికొదిలేశామో అదే ఇప్పుడు పీక పట్టుకుందిరా" అని మొదలెట్టాడు.

సంగతేంటంటే, అమెరికా పౌరసత్వం కావాలంటే సివిక్స్ పరీక్ష పాసవ్వాలి. పాత పద్ధతిలో వంద ప్రశ్నల జాబితా ఇచ్చేవాళ్ళు, ఇంటర్వ్యూలో పది అడిగేవాళ్ళు, ఆరు చెబితే పాసు. 2025 అక్టోబరు 20 నుంచి అప్లై చేసినవాళ్ళకి జాబితా 128 అయింది. అందులోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. మావాడు కొత్త లెక్కలో ఇరుక్కున్నాడు. వంటింట్లో వాళ్ళావిడ బెండకాయలు తరుగుతూ ప్రశ్నలు అడుగుతుంటే వీడు గిన్నెలు సర్దుతూ జవాబులు చెబుతున్నాడట. ఎమ్సెట్‌లో మంచి ర్యాంకు కొట్టిన బుర్ర, సెనేటరు పదవీకాలం దగ్గర ఆగిపోయిందట!

నేనూరుకోకుండా, "అవన్నీ సరేగానీ మన రాజ్యసభ మెంబరు పదవీకాలం ఎంత?" అన్నాను.

కాసేపు నిశ్శబ్దం. "ఐదు?"

"ఆరు. మీ సెనేటరుకీ ఆరే. పోనీ, మన ప్రాథమిక హక్కులెన్ని?"

"అది తెలుసు. ఏడు."

"ఆరురా బాబూ."

"ఏడని మా నాన్న చెప్పినట్టు గుర్తే. ఏడోది ఏమైంది?"

ఆ ప్రశ్న నేను ముప్పై అయిదేళ్ళ క్రితం ఒకసారి అడిగాను. జవాబు రాలేదు. తర్వాత చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. ఇవాళ ఆ కథ, దాంతోపాటు అసలు ఈ సివిక్స్ అనే సబ్జెక్టు కథ కాస్త చెప్పుకుందాం.

నేను 1989-90లో టెన్తు. జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. మా సోషల్ సారు చరిత్ర చెబితే పానిపట్టు యుద్ధంలో మనమే గుర్రమెక్కినట్టుండేది. జాగ్రఫీ అయితే గోడమీద మ్యాపు వేలాడదీసి బెత్తంతో చూపించేవారు. సివిక్స్ మాత్రం ఫిబ్రవరిలో మొదలయ్యేది. "పెన్సిళ్ళు తీయండి, నేను చెప్పిన లైను కింద గీత గీయండి" అనేవారు. లోక్‌సభకి పోటీ చెయ్యడానికి 25, రాజ్యసభకి 30, రాష్ట్రపతికి 35. గీత, గీత, గీత. బిట్ పేపర్లో వస్తాయి. నాలుగు పీరియడ్లలో భారత ప్రజాస్వామ్యం పూర్తయ్యేది.

మా ఇంట్లో అటకమీద మా బాబాయి చదివిన 70ల నాటి పాత పుస్తకం ఒకటుండేది. అందులో ప్రాథమిక హక్కులు ఏడు. నా పుస్తకంలో ఆరు. "సార్, ఒక హక్కు తగ్గింది, ఏమైంది సార్?" అని లేచి అడిగాను. "పరీక్షకి ఆరు" అన్నారు. అంతే.

ఇంకో తమాషా. 1989 మార్చి 28 నుంచి ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి తగ్గింది. అది 61వ సవరణ. అదే నవంబరు ఎన్నికల్లో మా వీధిలో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు వేలిమీద సిరా చుక్క చూపించుకుంటూ తిరిగారు. మా పుస్తకంలో మాత్రం ఇంకా 21. నేను హాఫ్ ఇయర్లీలో తెలివిగా 18 అని రాస్తే సారు కొట్టేశారు. "పేపర్లో వేశారు సార్" అంటే, "నీ పేపరు దిద్దేది ఆ పేపరువాళ్ళు కాదు" అన్నారు. క్లాసంతా నవ్వు.

వీటన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది వేరే ఉంది. పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తారు, గవర్నరుకి ఇష్టమున్నంతవరకు మంత్రులు పదవిలో ఉంటారు, అని దాని భావం. దాని కిందా గీత గీశాం. నా పక్కన కూర్చునేవాడు చటుక్కున, "సార్, ఎన్టీవోణ్ణి తీసేసింది ఈ రూలు మీదేనా?" అన్నాడు. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చెయ్యడం, ఊళ్ళో బందులు, రేడియో చుట్టూ జనం, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్ళీ ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం... ఇవన్నీ మేం చిన్నప్పుడు కళ్ళారా చూసినవే. అంటే ఆ వాక్యం అర్థం మాకు పుస్తకం కంటే ముందే తెలుసు. సారు ఒకసారి గుమ్మం వైపు చూసి, "రాజకీయాలు మాట్లాడొద్దు. ఇది సివిక్స్ క్లాసు" అన్నారు.

అప్పుడది మామూలు మాటే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, మన దేశంలో ఈ సబ్జెక్టు వందేళ్ళ చరిత్ర మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉంది. ఎలాగంటారా? కాస్త వెనక్కి వెళ్దాం.

సివిక్స్ అనే మాట 'పౌరుడు' అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో వాడుకలోకొచ్చింది. అప్పుడు యూరప్ నుంచి ఓడలకి ఓడలు జనం దిగుతున్నారు. వీళ్ళ పిల్లల్ని అమెరికన్లుగా మార్చడం ఎలా అన్నది వాళ్ళ సమస్య. 1916లో అక్కడి జాతీయ విద్యా సంఘం కమిటీ ఒకటి చరిత్ర, సివిక్స్ వగైరాలన్నీ కలిపి సోషల్ స్టడీస్ అనే గొడుగు కిందికి తెచ్చింది. మనం బళ్ళో 'సోషల్' అని పిలిచింది ఆ గొడుగునే. ఆ లెక్కన మావాడు బెండకాయల పక్కన చదువుతున్న పరీక్ష ఆ వలస జనం కాలం నాటి అవసరానికి మనవడన్నమాట.

మన దేశానికి మాత్రం ఈ చదువు వేరే పని మీద వచ్చింది. 1897లో సర్ విలియం లీ-వార్నర్ అనే ఐసీఎస్ అధికారి 'ది సిటిజన్ ఆఫ్ ఇండియా' అని బడి పిల్లల కోసం ఒక పుస్తకం రాశాడు. బొంబాయి ప్రెసిడెన్సీలో చాలా ఏళ్ళు పనిచేసినవాడు. పల్లెటూరితో మొదలెట్టి, జిల్లా, రాష్ట్రం, సంస్థానాలు అని మెట్లెక్కించి బ్రిటిషు సామ్రాజ్యం దాకా తీసుకెళ్తాడు. శాంతి భద్రతలు, ఆరోగ్యం, చదువు, ఇవన్నీ దొరల పాలన వల్ల ఎలా వచ్చాయో చెబుతాడు. పేరులో 'పౌరుడు' ఉన్నాడు గానీ, ఆ పౌరుడికి ఓటు లేదు. సర్కారుని మార్చే దారి లేదు. అర్థం చేసుకోవాలి, కృతజ్ఞతగా ఉండాలి, చెప్పింది చెయ్యాలి.

సరిగ్గా అదే 1897లో బొంబాయిలో తిలక్ మీద రాజద్రోహం కేసు నడిచింది. కేసరి పత్రికలో రాసినవాటికి పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. ఒకే ఏడు, ఒకే ప్రభుత్వం. బళ్ళో పౌరుడి గురించి పాఠం, బయట రాజకీయం రాసినవాడికి జైలు. మా సారు గుమ్మం వైపు ఎందుకు చూశారో, ఆ చూపు ఎన్నేళ్ళ నుంచి వస్తోందో అర్థమైందిగా?

మన దగ్గరా ఇదే జరిగింది. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. చిలకమర్తి వాటిని అప్పటికప్పుడు తెలుగులో చెప్పారు. ఊళ్ళోని ప్రభుత్వ కాలేజీల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకెళ్ళారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్‌కి ఒళ్ళు మండి చర్యలు తీసుకున్నాడు. అలా బయటికి గెంటించుకున్నవాళ్ళలో ముఖ్యుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. గమనించండి, ఆయన అప్పుడు టీచరు ట్రైనింగులో ఉన్నాడు! అంటే రేపు పిల్లలకి పాఠం చెప్పాల్సిన మనిషి. మరుసటేడు 'స్వరాజ్య' పత్రికలో రాసినదానికి రాజద్రోహం కింద జైలుకి కూడా వెళ్ళాడు.

నాకు ఈయన కథలో నచ్చేది తర్వాతి భాగం. బడి తలుపు మూసేశారు కదా, మరి చదువు ఎక్కడ చెప్పాలి? కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో పెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి మొదట్లో వేసిన పుస్తకాల్లో ఒకటి అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. రాసింది గాడిచర్లే. మావాడి 128 ప్రశ్నల్లో లింకన్ మీద ప్రశ్న ఉంది. ఆ జవాబు ఇంగ్లీషు చదవనక్కర్లేకుండా తెలుగువాడికి వందేళ్ళ కిందటే దొరికేదన్నమాట. ఆ తర్వాత గాడిచర్ల గ్రంథాలయోద్యమంలోనూ వయోజన విద్యలోనూ దశాబ్దాలు పనిచేశాడు. ఊరి గ్రంథాలయంలో పేపరు చదివి వినిపించడం, దానిమీద అరుగుల మీద వాదించుకోవడం... నన్నడిగితే తెలుగునాట మొదటి అసలైన సివిక్స్ క్లాసులు అవే. మార్కుల్లేవు, గీతలు గీయడాల్లేవు.

స్వాతంత్ర్యం వచ్చింది, 1950లో రాజ్యాంగం వచ్చింది, 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు. చదువు రాని కోట్లమందికి ఒక్క దెబ్బతో ఓటు. ఇప్పుడు నిజంగా పౌరుడి చదువు కావాల్సొచ్చింది. 1952లో కేంద్రం సెకండరీ విద్య మీద కమిషన్ వేసింది. అధ్యక్షుడు మద్రాసు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ లక్ష్మణస్వామి ముదలియార్. (అన్నట్టు ఆయన పుట్టింది మన కర్నూల్లోనే.) 1953లో వాళ్ళిచ్చిన రిపోర్టులో సెకండరీ చదువు మొదటి లక్ష్యంగా చెప్పింది ప్రజాస్వామ్య పౌరుణ్ణి తయారు చెయ్యడమే. సొంతంగా ఆలోచించాలి, ఎదుటివాడి వాదన వినాలి, ప్రచారంలోంచి నిజం ఏరుకోవాలి, ఇలాంటివన్నీ రాశారు. చదివితే ఇవాళ్టి వాట్సాప్ కోసం రాసినట్టే ఉంటుంది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం కలిపి సాంఘిక శాస్త్రంగా చెప్పమన్నదీ వాళ్ళే.

మరి అంత గొప్ప ఆశయం నా దగ్గరికొచ్చేసరికి 25, 30, 35 ఎలా అయింది?

మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు బ్రహ్మాండం, డెలివరీ వేరే. ప్రజాస్వామ్యాన్ని మాకు ఆర్కిటెక్చర్ డయాగ్రమ్‌లాగా చెప్పారు. పైన పార్లమెంటు బాక్సు, పక్కన సుప్రీంకోర్టు బాక్సు, కింద పంచాయతీ బాక్సు, మధ్యలో బాణాలు. ఏదైనా తేడా వస్తే టికెట్ ఎక్కడ రెయిజ్ చెయ్యాలో, ఎన్ని రోజుల్లో చెయ్యాలో, రిజెక్టయితే ఎవరికి ఎస్కలేట్ చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. వాడేవాడికి కావాల్సింది అదే కదా.

పైగా ప్రభుత్వాలకి హక్కుల పాఠం కంటే విధుల పాఠమే ముద్దు. రాజ్యాంగంలో మొదట ప్రాథమిక విధులనే మాటే లేదు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు, జనం హక్కులు అటకెక్కాయి, అదే ఎమర్జెన్సీలో 1976 నాటి 42వ సవరణ పది విధుల్ని చేర్చింది. (పదకొండోది 2002లో, పిల్లల్ని చదివించే విధి.) మా పుస్తకంలో ఈ విధుల జాబితా పూర్తిగా ఉండేది. ఎమర్జెన్సీల రకాలు కూడా ఉండేవి: జాతీయ, రాష్ట్ర, ఆర్థిక. కానీ 1975లో ఏం జరిగిందో ఒక్క లైనన్నా చదివిన గుర్తు నాకు లేదు. మూడు రకాల పిడుగుల పేర్లు నేర్పి, మన ఇంటిమీద పడిన పిడుగు గురించి చెప్పలేదన్నమాట.

ఇక మన రాష్ట్రంలో మన సొంత తెలివి ఒకటుంది కదా. టెన్తు అవగానే గ్రూపులు. లెక్కలొస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ, ఏదీ రాదనుకుంటే సీఈసీ, హెచ్‌ఈసీ. ఆ 'సీ'ల్లో సివిక్స్ ఉంది కాబట్టి, సివిక్స్ అంటే 'ఏదీ రానివాళ్ళు' చదివేది అని తీర్మానించేశాం. దేశాన్ని ఎలా నడపాలో తెలుసుకోవడం చదువు రానివాళ్ళ పని! మా పెదనాన్న కొడుకు సీఈసీ తీసుకున్నప్పుడు ఇంట్లో పెద్ద రభస. "వాణ్ణి చూసి నేర్చుకో" అని నన్ను చూపించి అన్నయ్యని తిట్టేవాళ్ళు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది, ఎందుకు దాచడం.

ఇప్పుడు అసలు కథ.

2004. నేను బెంగుళూర్లో ఒక ప్రాజెక్టులో తలమునకలై ఉన్నాను. నాన్న ఫోన్ చేశారు. ఊరి పక్కనుంచి బైపాస్ రోడ్డు వస్తోంది, మన చేను ఎకరం పది సెంట్లు అందులో పోతుంది, నోటీసొచ్చింది, ఏం చెయ్యమంటావురా అని. "గవర్నమెంటు తీసుకుంటానంటే మనమేం చేస్తాం నాన్నా, సంతకం పెట్టెయ్. ఈ వారం రిలీజుంది, తర్వాత మాట్లాడతా" అన్నాను. తర్వాత మాట్లాడలేదు. పైగా మరుసటేడు డబ్బులొచ్చినప్పుడు కూడా, "ఇచ్చినంత తీసుకో, గొడవెందుకు" అన్నది నేనే.

అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాని ప్రకారం నోటిఫికేషన్ వచ్చిన ముప్పై రోజుల్లో అభ్యంతరం చెప్పుకునే హక్కు ఉంది, సెక్షన్ 5-ఏ. పరిహారం తక్కువనిపిస్తే కోర్టుకి పంపమని అడగొచ్చు, సెక్షన్ 18. కానీ ఒక మెలిక. డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని తెలపాలి. చెప్పకుండా తీసుకుంటే ఆ సెక్షన్ 18 దారి మూసుకుపోతుంది. రెండు ముక్కల అభ్యంతరం! ఆ ఆఫీసులో నాన్నకి ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్ ఇంజనీరు కొడుకుని అడిగితే వాడికీ తెలియదు.

మా ఊళ్ళో ఆ మాట రాసి డబ్బు తీసుకున్నవాళ్ళు పదకొండు మంది. వాళ్ళందరిచేతా రాయించింది సీఈసీ అన్నయ్య. మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకుని, అర్జీలు రాసిపెడుతూ బతుకుతున్నవాడు. నాన్న దగ్గరికి రాలేదా అంటే, వచ్చాడట. "మా వాడిని కనుక్కున్నాన్లే" అన్నారట నాన్న. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

2010లో కోర్టు ఆ పదకొండు మందికి పరిహారం బాగా పెంచింది. తీర్పొచ్చిన రెండో నెల్లో అన్నయ్యే నాకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, 28-ఏ అని ఒకటుందిరా. 84లో చేర్చారు. ఒకే నోటిఫికేషన్లో భూమి పోయినవాళ్ళలో కొందరికి కోర్టు పెంచితే, కోర్టుకి వెళ్ళనివాళ్ళు కూడా మాకూ అంతే ఇవ్వండని మూడు నెలల్లో అడగొచ్చు. ఇంకా నలభై రోజులే ఉంది, బాబాయిని సంతకానికి పంపు" అన్నాడు. ఈసారి రిలీజు సంగతి ఎత్తకుండా రాత్రి బస్సెక్కాను. దరఖాస్తు మొత్తం వాడే రాశాడు, నేను పక్కన నిలబడి జిరాక్సులు తీశాను. డబ్బులు చేతికొచ్చేసరికి 2013. నాన్న ఆ రోజు చెక్కు చూసుకుని, "ఇంతకీ పెద్దాడు చదివిన గ్రూపేంట్రా?" అన్నారు. తెలియక కాదు. నాకు వినపడాలని.

ఆ బస్సు ప్రయాణంలోనే నా పాత ప్రశ్న గుర్తొచ్చి వెతికాను, ఏడో హక్కు ఏమైందని. అది ఆస్తి హక్కు! 1950లో ప్రాథమిక హక్కుల్లో ఉండేది. జమీందారీల రద్దుకి కోర్టుల్లో అది అడ్డొస్తోందని 1951లో మొదటి సవరణతోనే దానికి కత్తెర పడింది. ఆ తర్వాత పాతికేళ్ళు పార్లమెంటుకీ సుప్రీంకోర్టుకీ దాని మీదే కుస్తీ. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించలేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు, కాదని ఐదుగురు. మెజారిటీ వైపు నిలబడి తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, మన తెలుగాయన. 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పు మారి, ఏదైనా సవరించొచ్చు గానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని చెడగొట్టకూడదు అన్నారు. చివరికి జనతా ప్రభుత్వం 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300-ఏ అధికరణంలో మామూలు రాజ్యాంగ హక్కుగా పెట్టింది. 1979 జూన్ 20 నుంచి అమలు. అప్పుడు రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి.

ఇందులో జమీందార్లున్నారు, కౌలు రైతులున్నారు, బ్యాంకుల జాతీయీకరణ ఉంది, ఒక్క ఓటు తేడా తీర్పుంది. పానిపట్టు యుద్ధానికి ఏం తక్కువ? మా సారు ఒక్క పీరియడ్ చెప్పి ఉంటే క్లాసంతా నోరు తెరుచుకుని వినేది. "పరీక్షకి ఆరు" అని వదిలేశారు.

ఆయన్ని తప్పుపడుతున్నానని అనుకోకండి. రిటైరయ్యాక ఒక పెళ్ళిలో కలిస్తే ఇదే అడిగాను. నవ్వారు. "మీ క్లాసులో సర్పంచి కొడుకున్నాడు. ఓడిపోయినాయన కొడుకూ ఉన్నాడు. ఎవరిళ్ళకి ఏ మాట వెళ్తుందో! ట్రాన్స్‌ఫర్ అయితే పిల్లల చదువులు ఏం గాను? అందుకే గీత గీయించేవాణ్ణిరా" అన్నారు. ఎన్నికల డ్యూటీలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా చాలాసార్లు చేశారట. బ్యాలెట్ బాక్సుకి సీలు ఎలా వేస్తారో, ఏజెంట్లు ఎలా కొట్లాడతారో ఆ పెళ్ళిలో గంటసేపు చెప్పారు. నా జీవితంలో నేను విన్న మంచి సివిక్స్ క్లాసు అది, పప్పన్నం విస్తరి ముందు.

ఈ జబ్బుని కనిపెట్టి మందు వెయ్యాలని చూసినవాళ్ళు లేకపోలేదు. 2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక ఈ సబ్జెక్టు వలస పాలనలో విధేయత నేర్పడానికి పుట్టిందని నేరుగా చెప్పి, సివిక్స్ అనే పేరే మార్చమంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆరు నుంచి ఎనిమిది దాకా 'సోషల్ అండ్ పొలిటికల్ లైఫ్', తొమ్మిది, పదికి 'డెమొక్రటిక్ పాలిటిక్స్' అయ్యాయి. తొమ్మిది నుంచి పై తరగతుల పుస్తకాలకి యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ ముఖ్య సలహాదారులు. ఉన్నీ, మున్నీ అని ఇద్దరు కార్టూన్ పిల్లలు పేజీల్లో అడ్డదిడ్డమైన ప్రశ్నలు అడుగుతుంటారు. పదో తరగతి పుస్తకంలో బొలీవియాలో జనం మంచినీళ్ళ కోసం చేసిన పోరాటం పాఠంగా ఉండేది. మా పక్కింటివాళ్ళ పాపకి లెక్కలు చెప్పడానికెళ్ళి నేను ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

మరి రాజకీయాన్ని క్లాసులోకి రానిస్తే ఏమవుతుంది? గుమ్మం బయటివాళ్ళూ లోపలికొస్తారు. పదకొండో తరగతి పుస్తకంలో 1949 నాటి శంకర్ కార్టూన్ ఒకటి వేశారు. నత్త మీద అంబేద్కర్, వెనక నెహ్రూ, రాజ్యాంగ రచన ఆలస్యం మీద. 2012 మేలో పార్లమెంటులో దానిమీద పెద్ద గొడవ. అంబేద్కర్‌ని అవమానించారని కొందరి బాధ. అప్పటి విమర్శని చూపించాం అంతే అని రాసినవాళ్ళ మాట. ఆ బాధని కొట్టిపారెయ్యలేం, ఆ మాటనీ కొట్టిపారెయ్యలేం. సలహాదారులిద్దరూ రాజీనామా చేశారు. ఆ తర్వాత 2022లో మొదలైన సిలబస్ తగ్గింపులో పదో తరగతి పుస్తకంలోంచి ప్రజా పోరాటాల పాఠం, ప్రజాస్వామ్యానికి సవాళ్ళ పాఠం ఎగిరిపోయాయి. 2023లో పల్శీకర్, యాదవ్ పుస్తకాల మీద మా పేర్లు తీసెయ్యండని రాశారు. 2024లో ఆరో తరగతికి చరిత్ర, భూగోళం, సివిక్స్ అన్నీ కలిపి ఒకే కొత్త పుస్తకం వచ్చింది. చూశారా, రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు, చిరాకు మాత్రం ఒకే పుస్తకాల మీద. ఏ పార్టీ అయినా సరే, ప్రశ్నలడిగే పుస్తకమంటే అధికారంలో ఉన్నవాళ్ళకి కాస్త దురదే.

అయితే నాకు పుస్తకాల గొడవ కంటే ఇంకోటి ముఖ్యం. ఎంత మంచి పుస్తకమైనా, మనింట్లో దాన్ని 'చదవకపోయినా ఫర్వాలేదు' జాబితాలో పెట్టింది మనమే. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల్ని పడేసి, మేథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ తప్ప మిగతాది దండగన్నది మనమే. తర్వాత అపార్ట్‌మెంట్లో నీళ్ళు రాకపోతే వార్డు కార్పొరేటరు పేరు తెలియక గూగుల్ చేసేదీ మనమే. గ్రామసభ ఎప్పుడు పెడతారో, సమాచార హక్కు కింద అర్జీ ఎలా పెట్టాలో, ఓటర్ల జాబితాలో పేరు పోతే ఏ ఫారం నింపాలో పిల్లాడికి ఒక్కసారి చేయించి చూపిస్తే చాలు. అందులో ఏ పార్టీ లేదు. ఏ సారూ ట్రాన్స్‌ఫర్ అవ్వడు.

మావాడికి ఆ రోజు ఫోన్లో ఇదంతా చెప్పేసరికి వాళ్ళావిడ బెండకాయ వేపుడు అయిపోయింది. "మరి ఇవన్నీ మనకెవరూ చెప్పలేదేంట్రా?" అన్నాడు. "చెప్పడానికి మా అన్నయ్య వచ్చాడురా. ఎంపీసీ కొడుకుని కనుక్కున్నాం పొమ్మన్నాం" అన్నాను.

మా ఇంట్లో అన్నయ్య కూతురు ఇప్పుడు లా చదువుతోంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నా కొడుకుని కూర్చోబెట్టి ఇంటి పట్టా ఎలా చదవాలో చూపించింది. వాడు ఎంపీసీ. నేను పక్కన కూర్చుని విన్నాను. ఈసారి పెన్సిలు తీయలేదు.